ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా, పార్టికల్ బోర్డా? ఇల్లు కట్టుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గోడలు లేచి, ప్లాస్టరింగ్ అయి, టైల్స్ పరిచాక చెక్కపని మొదలవుతుంది. అప్పటికి చేతిలో డబ్బు అయిపోవస్తుంది, గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతుంది. ఆ టెన్షన్‌లో షాపుకు వెళ్తే ఎదురుగా పది రకాల షీట్లు, పది రకాల రేట్లు. ఏ షీటు చూసినా పైకి నున్నగా ఒకేలా ఉంటుంది.

విజయవాడలో ఇళ్లకు చెక్కపని చేయించడం మా పని. మమ్మల్ని జనం పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాం. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బోర్డు నడిమధ్యలో పాడవడం మేం దాదాపు చూడలేదు. కోసిన అంచు దగ్గర, నేలకు ఆనిన చోట, స్క్రూ దిగిన చోట పాడవుతుంది. కింది జవాబులన్నీ ఆ మూడు చోట్ల చుట్టూనే తిరుగుతాయి.

వీటిలో అసలు తేడా ఏమిటి? అన్నీ చెక్కే కదా?

చెక్కే, కానీ చెక్కను ఎంత చిన్నగా విడగొట్టి మళ్లీ అంటించారన్నదే తేడా.

ప్లైవుడ్ కోసం దుంగను యంత్రంలో బిగించి తిప్పుతూ, పెన్సిల్ చెక్కినప్పుడు పొట్టు ఊడివచ్చినట్టు పలుచటి పొర తీస్తారు. ఆ పొరల్ని ఒకటి నిలువు, ఒకటి అడ్డం వచ్చేలా పేర్చి, జిగురు పూసి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. చెక్క తడిసినప్పుడు నారకు అడ్డంగా బాగా ఉబ్బుతుంది, నార పొడవునా మాత్రం దాదాపు ఉబ్బదు. పొరలు అడ్డదిడ్డంగా ఉండటం వల్ల ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. ప్లైవుడ్ బలమంతా అక్కడే ఉంది.

బ్లాక్‌బోర్డులో లోపల చెక్క పట్టీలు పక్కపక్కన పేర్చి ఉంటాయి, పైనా కిందా పొరలు అంటిస్తారు. మన దగ్గర దొరికేవాటిలో పట్టీలు ఎక్కువగా పైన్ చెక్కవి. అదే మందం ప్లైవుడ్ కన్నా సాధారణంగా తేలిక.

పార్టికల్ బోర్డు అంటే చెక్క తురుము, చిన్న ముక్కలు జిగురుతో కలిపి నొక్కింది. కోసిన అంచు చూస్తే రవ్వలడ్డూ విరిచినట్టు గింజలు గింజలుగా కనపడుతుంది. ఎండీఎఫ్‌కు చెక్కను ఆవిరిలో మెత్తబరచి, నారలు నారలుగా విడదీసి, ఆ దూది లాంటిదాన్ని నొక్కుతారు. అందుకే దాని అంచు అట్టలా నున్నగా, ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ కూడా నొక్కి చేసిన బోర్డే. మామూలు ఎండీఎఫ్ కన్నా చిక్కగా, తేమను ఎక్కువ తట్టుకునే జిగురుతో చేస్తారు. ఆ పేరుతో దాన్ని ముందు అమ్మింది యాక్షన్ టెసా కంపెనీ. ఇప్పుడు చాలా షాపుల్లో అలాంటి బోర్డు ఏ కంపెనీదైనా ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

ఇల్లంతా ఒకే రకం వాడితే పోదా? తలనొప్పి ఉండదు కదా.

ఉండదు గానీ డబ్బు వృథా అవుతుంది. ఒక లెక్క వేద్దాం. రెండు బెడ్‌రూముల ఇంటికి 40 షీట్లు పడతాయనుకోండి. షీటు 8 బై 4, అంటే 32 చదరపు అడుగులు. మొత్తం 1,280 చదరపు అడుగులు. మామూలు ప్లైకి, నీళ్లను బాగా తట్టుకునే మంచి మెరైన్ ప్లైకి మధ్య అడుగుకు 20 రూపాయలే తేడా అనుకున్నా, అన్నీ మెరైన్ కొంటే 25,600 రూపాయలు ఎక్కువ పెట్టినట్టు. నీళ్లు తగిలే చోట్లకు 6 షీట్లు చాలనుకుంటే అదే తేడా 3,840 రూపాయలు. మిగిలిన దాంతో మంచి బందులు, డ్రాయర్ ఛానళ్లు, కోసిన అంచుల్ని మూసే ఎడ్జ్ బ్యాండింగ్ వస్తాయి.

మేం చేయించే పద్ధతి ఇది. ఇందులో వచ్చే గ్రేడుల సంగతి తర్వాతి జవాబులో వివరంగా ఉంది. సింకు కింద, బాత్రూము గోడకు ఆనుకున్న వార్డ్‌రోబు, వాష్ బేసిన్ కింద అల్మారా, వీటికి 710 గ్రేడు, అంటే మెరైన్ ప్లైవుడ్. వంటగదిలో మిగతా కింది బాక్సులకు బీడబ్ల్యూఆర్ ప్లై. వంటగది షట్టర్లకు, అంటే అల్మారా తలుపులకు, పై అల్మారాలకు బీడబ్ల్యూఆర్ గానీ హెచ్‌డీహెచ్‌ఎంఆర్ గానీ. బెడ్‌రూములో లోపలి గోడకు ఉండే వార్డ్‌రోబు పొడిగా ఉంటుంది కాబట్టి ఎమ్మార్ గ్రేడు చాలు, కాకపోతే దాని అడుగు పలక మాత్రం బీడబ్ల్యూఆర్ వేయించండి. ఇల్లు కడిగినప్పుడు, తడిబట్ట పెట్టినప్పుడు నీళ్లు తాగేది ఆ పలకే. టీవీ వెనక గోడ ప్యానెల్‌కు, పూజగది తలుపుల మీద డిజైను చెక్కించడానికి ఎండీఎఫ్. పార్టికల్ బోర్డు పిల్లల స్టడీ టేబుల్ లాంటి, పదేళ్లలో ఎలాగూ మార్చేసే సామానుకు సరే.

ఇంకొకటి, మన ఊళ్లల్లో పెద్దవాళ్లు చేయించినట్టు కడప బండలతో వంటగట్టు కింద అరలు కట్టించుకోండి. బాక్సు అవసరమే ఉండదు, ముందు ఫ్రేము, షట్టర్లు చాలు. సింకు కారినా, బొద్దింకలొచ్చినా కడిగేసుకోవచ్చు. మాడ్యులర్ కిచెన్ మోజులో ఈ పద్ధతిని పక్కన పెట్టేస్తున్నారు గానీ, సింకు కింద దీన్ని మించింది మాకు కనపడలేదు.

షాపులో ‘వాటర్‌ప్రూఫ్’ అన్నారు. నమ్మొచ్చా?

ఆ మాటకు అర్థం లేదు. గ్రేడు ఏమిటో అడగండి.

మన దేశంలో మామూలు వాడకం ప్లైవుడ్‌కు ఐఎస్ 303 అనే ప్రమాణం ఉంది. అందులో ఎమ్మార్, బీడబ్ల్యూఆర్ అని రెండు గ్రేడులు వింటుంటారు. ఎమ్మార్ అంటే గాలిలో తేమను తట్టుకునేది, అంతే. నీళ్లను తట్టుకునేదని కాదు. పరీక్షలో దాని ముక్కను 60 డిగ్రీల నీళ్లలో 3 గంటలు ఉంచుతారు. బీడబ్ల్యూఆర్ ముక్కను మరిగే నీళ్లలో 8 గంటలు ఉంచుతారు. మెరైన్ ప్లైకి ఐఎస్ 710 వేరే ప్రమాణం. దాని ముక్క 72 గంటలు, అంటే మూడు పగళ్లు మూడు రాత్రులు, మరిగే నీళ్లలో ఉన్నా పొరలు విడిపోకూడదు.

ఈ తేడా తెచ్చేది ముఖ్యంగా జిగురు. ఎమ్మార్‌లో యూరియా ఫార్మాల్డిహైడ్ వాడతారు. అది నీళ్లలో, వేడిలో పట్టు వదిలేస్తుంది. 710లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, ముదురు గోధుమ రంగులో. కోసిన అంచును దగ్గరగా చూస్తే పొరకూ పొరకూ మధ్య సన్నని ముదురు గీతలా కనపడుతుంది. ఎమ్మార్ ప్లైలో ఆ గీత తెల్లగానో, కనపడకుండానో ఉంటుంది. అది ఒక్కటే చూసి ఖాయం చేసుకోకండి, కానీ షాపులో నిలబడి చూడగలిగిన గుర్తుల్లో అదొకటి.

జిగురు వదలకపోయినంత మాత్రాన చెక్క నీళ్లు తాగదని కాదు. 710 ప్లై కూడా తడిస్తే కొంచెం ఉబ్బుతుంది, ఆరితే సర్దుకుంటుంది. పొరలు విడిపోవు. అంతవరకే దాని హామీ.

షీటు మీద ‘710’ అని ముద్ర ఉంది. ఇంకేం చూడాలి?

ముద్ర ఎవరైనా వేయొచ్చు. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోనులో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, ఏ ప్రమాణానికి లైసెన్సు ఉందో, ఇప్పుడు చెల్లుతుందో లేదో చూపిస్తుంది. షీటు మీద 710 అని ఉండి, యాప్‌లో 303 అని వస్తే ఆ షీటు తీసుకోకండి. ప్లైవుడ్‌కు, ఫ్లష్ డోర్లకు, మిగతా చెక్క బోర్డులకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసే కేంద్రం ఉత్తర్వులు 2025లో అమల్లోకి వచ్చాయి, చిన్న యూనిట్లకు మాత్రం కొంత అదనపు గడువు ఇచ్చారు. కాబట్టి ముద్ర అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

తర్వాత మందం. 18 మిల్లీమీటర్లని చెప్పి 16 ఇవ్వడం బాగా జరిగే మోసం. వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. షీటు నాలుగు మూలలా కొలవండి. మూలకూ మూలకూ ఒక మిల్లీమీటరు తేడా ఉంటే షట్టర్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఎగుడుదిగుడుగా కనపడతాయి.

ఆ తర్వాత అంచు. 18 మిల్లీమీటర్ల ప్లైలో సాధారణంగా 11 నుంచి 13 పొరలుంటాయి. పొరల మధ్య సందులున్నాయా, ఒక పొర ఇంకోదాని మీదికి ఎక్కిందా చూడండి. షీటును నిలబెట్టి రూపాయి బిళ్లతో అడ్డంగా కొట్టుకుంటూ పోండి. ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా మోగితే లోపల ఖాళీ ఉంది. అక్కడే మీ బందు స్క్రూ పడిందంటే ఏడాదికే తలుపు వేలాడుతుంది.

బుడమేరు వరద తర్వాత మీరు ఏం చూశారు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చి రోజుల తరబడి కదల్లేదు. నీళ్లు తీశాక మేం చాలా ఇళ్లకు వెళ్లాం. ఆ నెలంతా మాకు బడి చెప్పినట్టే అయింది.

ఒక ఇంట్లో హాల్లో పార్టికల్ బోర్డు టీవీ యూనిట్. అడుగు పలక చేత్తో పట్టుకుంటే తడిసిన కేకులా వేళ్ల మధ్య నలిగిపోయింది. అదే ఇంట్లో బెడ్‌రూము వార్డ్‌రోబు ఎమ్మార్ ప్లై. కింద రెండడుగుల మేర పొరలు తడిసిన పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి, పైన అంతా బాగానే ఉంది. వంటగదిలో కింద 710 ప్లై బాక్సులు. బాక్సులు నిలబడ్డాయి. కానీ వాటి మీద సన్‌మైకా మొత్తం ఊడి చేతికొచ్చింది.

ఎందుకంటే ఖరీదైన ప్లై కొని, సన్‌మైకా మామూలు తెల్ల జిగురుతో అంటించారు. ఆ జిగురు నీళ్లు తట్టుకోదు. తడి చోట్ల ఫెవికాల్ మెరైన్ లాంటి నీళ్లు తట్టుకునే జిగురే వాడాలి. బకెట్టుకు కొన్ని వందలు తేడా ఉంటుంది. ఆ ఇంటి యజమానురాలు ఊడిన సన్‌మైకా షీటు చేత్తో పట్టుకుని ‘ప్లైకి అంత పెట్టాం కదండీ’ అన్నప్పుడు మాకు జవాబు దొరకలేదు. అప్పటి నుంచి కొటేషన్లో జిగురు పేరు కూడా రాస్తున్నాం.

రెండిళ్ల అవతల కడప బండల అరలున్న వంటగది. బురద కడిగి, షట్టర్లు మార్చుకుని, అదే వంటగదిలో వండుకుంటున్నారు.

తడిసిన ప్లై ఎండలో పెట్టకండి, వంకర పోతుంది. షట్టర్లు విప్పి, నీడలో, గాలి ఆడేలా కింద పట్టీలు పెట్టి, కొన్ని వారాలు ఆరనివ్వాలి. పార్టికల్ బోర్డు ఉబ్బితే మళ్లీ తగ్గదు, దాని మీద ఖర్చు పెట్టొద్దు.

గర్జన్ ప్లై అంటే ఏమిటి? ఎర్రగా ఉంటే అదేనా?

కాదు. గర్జన్ అనేది ఒక చెట్టు, ఎర్రటి గట్టి చెక్క, మయన్మార్ నుంచి ఎక్కువగా వచ్చేది. 2014 ఏప్రిల్‌లో మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేశాక అది దొరకడం కష్టమై రేటు పెరిగింది. దాంతో వేరే చెక్క పొర మీద ఎర్ర రంగు పూసి అమ్మడం మొదలైంది. తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, కొన్నిసార్లు రంగు గుడ్డకు అంటుతుంది. పైపొర గర్జన్ అయినా లోపలి పొరలు వేరే చెక్క కావచ్చు. ‘ఫేస్ గర్జనా, కోర్ కూడా గర్జనా’ అని విడివిడిగా అడగండి.

ఇప్పుడు మనకొచ్చే ప్లైలో ఎక్కువ భాగం పొలాల్లో పెంచిన చెట్లదే. దానికో కారణం ఉంది. ఒకప్పుడు ఈశాన్య రాష్ట్రాల అడవుల నుంచి ప్లైవుడ్ చెక్క వచ్చేది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల నరికివేతకు కళ్లెం పడింది, అక్కడి మిల్లులు చాలా మూతపడ్డాయి. పరిశ్రమ రైతుల పాప్లర్, యూకలిప్టస్ వైపు తిరిగింది. హర్యానాలో యమునానగర్, కేరళలో పెరుంబావూరు అలా పెద్ద కేంద్రాలయ్యాయి. పాప్లర్ తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. యూకలిప్టస్, అదే మన జామాయిల్, ఎర్రగా, బరువుగా ఉంటుంది, స్క్రూ బాగా పట్టుకుంటుంది. పొర ఒకటి పాప్లర్, ఒకటి యూకలిప్టస్‌గా వేసేవి కూడా ఉన్నాయి. వార్డ్‌రోబులకు అవి సరిపోతాయి.

ఎండీఎఫ్ అంటే చీప్ సరుకు అంటారు. నిజమేనా?

చీప్ అనడం న్యాయం కాదు. తడి చోట వాడితే అది చెడ్డపేరు తెచ్చుకుంటుంది. దాని పని వేరు.

ప్లైవుడ్ మీద డిజైను చెక్కితే పొరలు బయటపడి, అంచులు చిట్లుతాయి. ఎండీఎఫ్‌లో నార ఒకేలా ఉంటుంది కాబట్టి కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రంతో గంటలు, తామరలు, జాలీ ఏది చెక్కినా వెన్నలో గీసినట్టు వస్తుంది. పెయింటు కూడా దాని మీద కూర్చున్నంత నున్నగా ప్లై మీద కూర్చోదు. కోసిన అంచులకు మాత్రం సీలర్ రెండు మూడు కోట్లు వేయించండి. అంచులు పెయింటును, తేమను రెండింటినీ లాగేసుకుంటాయి.

మన రాష్ట్రంలోనే పెద్ద ఎండీఎఫ్ ఫ్యాక్టరీలున్నాయని చాలామందికి తెలియదు. చిత్తూరు వైపు గ్రీన్‌ప్యానెల్ ప్లాంటు 2018 నుంచి నడుస్తోంది. కడప జిల్లా బద్వేలు దగ్గర గోపవరంలో సెంచురీ వాళ్లది 2024లో మొదలైంది. సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులకు ఇదివరకు కాగితం మిల్లులే దిక్కు, ఇప్పుడు ఇంకో కొనుగోలుదారు దొరికాడు.

ఎండీఎఫ్ బరువు మాత్రం చూసుకోండి. 18 మిల్లీమీటర్ల 8 బై 4 షీటు ప్లైవుడ్ అయితే సుమారు 30 నుంచి 36 కిలోలు, ఎండీఎఫ్ 40 దాకా, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ 45 దాకా తూగుతుంది. పొడవాటి షట్టరుకు రెండు బందులు చాలనుకుంటే ఈ బరువుకు చాలవు, నాలుగైదు పడతాయి.

స్క్రూ ఊడిపోతోంది. బోర్డుది తప్పా, కార్పెంటర్‌ది తప్పా?

రెండూ కావచ్చు. పలక మీద నుంచి దించిన స్క్రూ దేనిలోనైనా ఓ మాదిరిగా పట్టుకుంటుంది. అంచులోకి దించిన స్క్రూ దగ్గరే అసలు సంగతి తేలుతుంది. ప్లైవుడ్ అంచు బాగానే పట్టుకుంటుంది. ఎండీఎఫ్ అంచులోకి ముందుగా సన్నని రంధ్రం వేయకుండా స్క్రూ బిగిస్తే నిలువునా చీలిపోతుంది. పార్టికల్ బోర్డుకు వెడల్పాటి మరలుండే ప్రత్యేకమైన స్క్రూలు వస్తాయి, అవే వాడాలి. ఒకసారి విప్పిన చోట మళ్లీ అదే స్క్రూ పట్టదు. అద్దె ఇళ్లు మారేవాళ్లు పార్టికల్ బోర్డు మంచాలు, బీరువాలు విప్పి బిగించినప్పుడు వదులవడానికి కారణం అదే.

బ్లాక్‌బోర్డులో స్క్రూ పట్టీ మీద పడితే గట్టిగా ఉంటుంది, రెండు పట్టీల మధ్య సందులో పడితే ఏమీ పట్టదు. బందులు వచ్చే చోటు ముందే గుర్తుపెట్టి, సన్నని డ్రిల్లుతో చూసుకోమని మేస్త్రికి చెప్పండి.

ఏడడుగుల వార్డ్‌రోబు తలుపులు విల్లులా వంగాయి. ఎందుకు?

చాలాసార్లు కారణం ఒకటే. ముందువైపు సన్‌మైకా వేసి, వెనకవైపు డబ్బు మిగులుతుందని పెయింటు కొట్టి వదిలేస్తారు. ముందువైపు తేమ లోపలికి పోదు, వెనకవైపు పోతుంది. ఒకవైపు ఉబ్బి, ఇంకోవైపు ఉబ్బకపోతే పలక వంగక ఏం చేస్తుంది? ముందు 1 మిల్లీమీటరు లామినేటు, అంటే సన్‌మైకా, వేస్తే వెనక కనీసం లైనర్ లామినేటు అనే పలుచటిదైనా వేయాలి. అంటించాక రాత్రంతా సమానమైన బరువు కింద పెట్టాలి. ముహూర్తం తొందరలో ఎగరగొట్టేసేది ఈ పనినే.

అంత పొడవు షట్టర్లకు బ్లాక్‌బోర్డు ప్లైవుడ్ కన్నా నిటారుగా నిలుస్తుంది. గది తలుపులకు 30 నుంచి 35 మిల్లీమీటర్ల ఫ్లష్ డోర్లు తీసుకోండి, వాటికి ఐఎస్ 2202 ముద్ర ఉంటుంది. ఫ్లష్ డోరును కింద కొంచెం కోసి సరిచేస్తే ఆ కోసిన అంచుకు వెంటనే ప్రైమరో, జిగురో పట్టించాలి. బాత్రూము తలుపులు కింద నుంచే కుళ్లేది అందుకే. తలుపు పైకి ఎంత మెరుస్తున్నా, కింద అంచు పచ్చిగా ఉంటుంది. వంగి చూస్తే గానీ కనపడదు.

అరలు మధ్యలో కిందికి దిగిపోతున్నాయి.

18 మిల్లీమీటర్ల ప్లై అరకు మూడడుగులకు మించి ఆధారం లేకుండా వదలకండి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అయితే రెండడుగులే. పుస్తకాలు, స్టీలు సామాను పెట్టే చోట ఇంకా తగ్గించండి. ముందు అంచుకు ఒకటిన్నర అంగుళం టేకు పట్టీ నిలువుగా కొట్టిస్తే అర బాగా గట్టిపడుతుంది.

చెదలు పట్టవని గ్యారంటీ ఇస్తున్నారు. నిజంగా పట్టవా?

చెదలు, పుప్పి వేర్వేరు. పుప్పి పురుగు చెక్కలోనే పుడుతుంది. సన్నని రంధ్రాలు, కింద పిండి రాలడం దాని గుర్తు. దీనికి ఫ్యాక్టరీలో పొరలకు గానీ జిగురులో గానీ మందు కలిపితే చాలావరకు ఆగుతుంది. గ్యారంటీ రాతపూర్వకంగా తీసుకోండి, బిల్లు దాచండి. బిల్లు లేకపోతే ఏ గ్యారంటీ పనిచేయదు.

చెదలు మట్టిలో నుంచి గోడ పగుళ్లలోంచి వస్తాయి. మందు కలిపిన ప్లైని అవి వదిలేసినా, దాని మీదుగా దారి వేసుకుని మీ పట్టుచీరల దాకా పోతాయి. కాబట్టి పునాది దశలోనే మట్టికి చెదల మందు కొట్టించడం, చెక్కపనికి ముందు గోడ, నేల కలిసే మూలల్లో మళ్లీ కొట్టించడం ముఖ్యం. వార్డ్‌రోబు వెనక పలక గోడకు అతుక్కోకుండా కొద్దిగా సందు వదలండి. ఆ గోడ వెనక బాత్రూము ఉంటే మరీ ముఖ్యం.

కొత్త కప్‌బోర్డులు తెరిస్తే కళ్లు మండుతున్నాయి. ప్రమాదమా?

ఆ ఘాటు జిగురులోని ఫార్మాల్డిహైడ్‌ది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. భయపడిపోనక్కర్లేదు, అలాగని వదిలేయకూడదు. బోర్డుల మీద ఈ1, ఈ0 అని ఉంటుంది. ఈ0 అంటే తక్కువ వదిలేది. పిల్లల గదికి, ఏసీ వేసి తలుపులు మూసుకునే గదికి కనీసం ఈ1 అడగండి. లోపలి అంచులు, వెనక పలక, బందుల గుంతలు, ఏదీ పచ్చిగా వదలకుండా మూసేయిస్తే వాసన చాలా తగ్గుతుంది. పని పూర్తయ్యాక కొన్ని వారాలు షట్టర్లు, కిటికీలు తెరిచి ఉంచి, ఆ తర్వాత బట్టలు సర్దండి. ముహూర్తానికి ముందురోజు చెక్కపని ముగించి, మర్నాడు చంటిపిల్లతో ఆ గదిలో పడుకోవద్దు.

స్లాబుకు వాడిన సెంట్రింగ్ ప్లై మిగిలింది. లాఫ్టుకు వాడుకోవచ్చా?

వద్దు. సిమెంటు పాలు, నూనె, మేకుల రంధ్రాలతో అది అలిసిపోయి ఉంటుంది, సన్‌మైకా దాని మీద పట్టదు. పశువుల కొట్టానికో, సామాను గది అరకో సరే.

బైసన్ ప్యానెల్, డబ్ల్యూపీసీ ఎలా ఉంటాయి?

బైసన్ ప్యానెల్ మన హైదరాబాదు ఎన్‌సీఎల్ కంపెనీ సరుకు. చెక్క ముక్కల్ని మామూలు జిగురు బదులు సిమెంటుతో కలిపి నొక్కుతారు. చెదలు తినవు, నీళ్లకు కుళ్లదు, నిప్పు అంత తేలిగ్గా అంటుకోదు. మేడ మీద గది, లాఫ్టు పలకలు, పార్టిషన్లకు బాగుంటుంది. బాగా బరువు, కోస్తే దుమ్ము విపరీతం, కార్పెంటర్ ముక్కుకు మాస్కు తప్పనిసరి.

డబ్ల్యూపీసీ ప్లాస్టిక్కు, చెక్కపొడి కలిపింది. బాత్రూము తలుపుకు, చౌకట్టుకు నిశ్చింతగా వాడొచ్చు. పొడవాటి అరకు వాడితే వంగుతుంది, ఎండ పడే చోట కూడా వద్దు.

అమెరికాలో మా అబ్బాయి ఇల్లంతా ఓఎస్‌బీ షీట్లతోనే కడుతున్నారు. ఇక్కడ ఎందుకు దొరకదు?

అక్కడ గోడ అంటే చెక్క ఫ్రేము. దానికి బయట బిగించే పలక ఓఎస్‌బీ, పొడవాటి చెక్క పేళ్లను అడ్డం, నిలువు పేర్చి నొక్కింది. దాని మీద నీళ్లు దిగని పొర కప్పి, ఆపైన సైడింగ్ అనే బయటి పలకలు వేస్తారు. పైకప్పు కింద, నేల కింద కూడా అదే. మన గోడలు ఇటుకలవి, స్లాబు కాంక్రీటుది. దానికి ఇక్కడ పనే లేదు కాబట్టి షాపుల్లో పెట్టరు.

మా మేస్త్రి ఒక షాపులోనే కొనాలంటున్నాడు. ఏం చేయాలి?

కొన్ని షాపులు మేస్త్రులకు కమీషన్ ఇవ్వడం ఉన్న సంగతే. అలాగని ప్రతి మేస్త్రినీ అనుమానించకండి. ఏ షాపు సరుకు తిరిగి తీసుకుంటుందో, ఏది కోస్తే చిట్లుతుందో ఆయన చేతులకు తెలుసు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ‘గ్రేడు, మందం, కంపెనీ మేం రాసిస్తాం, లైసెన్సు నంబరు చూస్తాం, జీఎస్టీ బిల్లు కావాలి. ఆ మూడూ కుదిరితే మీరు చెప్పిన షాపే’ అనండి. పనితనానికి కూలి కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వండి. కోసిన ప్రతి అంచూ మూయడానికి, ప్రతి స్క్రూకూ ముందు రంధ్రం వేయడానికి టైము పడుతుంది. అడుగు లెక్కన తక్కువ రేటుకు ఒప్పుకున్న మనిషి ఆ టైము ఎక్కడి నుంచి తెస్తాడు?

మిగిలిన ముక్కలు ఏం చేయాలి?

ప్రతి రకానివి రెండు మూడు ముక్కలు, సన్‌మైకా ఒక అర షీటు, దాని కోడ్ నంబరు రాసిన చీటీతో సహా లాఫ్టులో దాచండి. అయిదేళ్లకు ఒక షట్టరు మార్చాల్సొస్తే ఆ రంగు మళ్లీ దొరకదు. చిన్న ముక్కల్ని మంచం కాళ్ల కింద, ఫ్రిజ్ కింద వాడుకోవచ్చు. నీళ్లు కాచే పొయ్యిలోకి మాత్రం ప్లై ముక్కలు, ఎండీఎఫ్ ముక్కలు వేయొద్దు. అందులో జిగురుంది, సన్‌మైకా ఉంది. ఆ పొగ ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పనివాళ్లు చలి కాచుకోవడానికి వాటితో మంట వేస్తుంటే వాళ్లకీ చెప్పి, నాలుగు సరుగుడు కట్టెలు తెప్పించి ఇవ్వండి.